దుప్పటికి అటు కొస

దుప్పటి అటు కొస పట్టుకున్న మనిషి మళ్ళీ రెండుసార్లు లాగింది. గట్టిగా ఏం కాదు, చేప గాలాన్ని కొరికినట్టు. చూసేవాళ్ళ కంటికి ఆనదు. ఇటు కొస పట్టుకున్నవాడి వేళ్ళకే తెలుస్తుంది.

అతను తలెత్తలేదు. తలెత్తితే ఆమె కళ్ళు తనమీదే ఉంటాయని అనుమానం. ఉండకపోతే ఇంకా కష్టం.

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం ఇద్దరి పని. ఇస్త్రీ రోలర్ లోంచి దుప్పటి ఆవిర్లు కక్కుతూ రాగానే చెరో రెండు మూలలూ అందుకోవాలి. వెనక్కి వాలి బిగలాగాలి. ఒక్క దులుపు దులిపితే టపాకాయలా పేలాలి, పేలలేదంటే ముడత చావలేదన్నమాట. ఆ తర్వాత చేతులు కలిపి సగానికి మడిచి, ఎదురెదురుగా నడవాలి. మధ్యలో కలిసిన చోట అతని వేళ్ళలోంచి మూలల్ని ఆమె తీసుకుంటుంది. అతను వంగి, కింద వేలాడే మడతను అందుకుని మళ్ళీ వెనక్కి నడుస్తాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే నడక. మిషన్ల హోరులో అరిస్తే తప్ప మాట వినపడదు. వేళ్ళు మాత్రం తగులుతుంటాయి. గుడ్డ వేడిగా ఉంటుంది.

జతల్ని మేస్త్రీ ఎత్తు చూసి కుదురుస్తాడు. పొడుగుకి పొట్టిని వేస్తే దుప్పటి ఓ పక్క నేల నాకి మళ్ళీ ఉతుక్కే పోతుంది. ఈమె పనిలో చేరినరోజే రోలర్ దగ్గరుండే పొడుగాటి కుర్రాడు, అందరూ బావ అనే మనిషి, "నిచ్చెనొచ్చిందిరోయ్" అని అరిచాడు. ఆమె పేరు అదే అయిపోయింది. ఆమె ఎత్తుకి సరిపడే మగాళ్ళు ఇద్దరే. ఒకడు బావ. రెండోవాడు అతను. విశ్వాసి, పనికి ముందు ఓ మూల నిలబడి కళ్ళుమూసుకుని ప్రార్థన చేసుకునేవాడు కాబట్టి అతన్ని బ్రదర్ అంటారు. కొందరు గౌరవంగా, కొందరు వెటకారంగా. ఏది ఏదో అతనికి తెలుసు.

"ఎవరితో వేసుకుంటావమ్మా?" అని మేస్త్రీ ఊరికే అడిగాడు. నిచ్చెన ఇద్దర్నీ ఎగాదిగా చూసి, అతనికేసి చెయ్యి చూపించింది. "ఆయనతో."

ఆ చెయ్యి చూపించడమే అతని బుర్రలో పురుగై దూరింది. బావ వయసులో ఉన్నాడు, మాటకారి. తనకేమో మీసం నెరిసింది, నడుం పట్టేస్తుంది. మరి తననెందుకు ఎంచుకుంది? ఇప్పుడీ రెండు లాగుళ్ళేంటి? మూలలు తీసుకున్న ప్రతిసారీ టక్, టక్. ఇన్నేళ్ళలో ఏ జతా ఇలా లాగలేదు.

"బ్రదర్, మధ్యలో సరిగ్గా కలుస్తోందా?" రోలర్ దగ్గర్నించి బావ అరిచాడు. "కలవకపోతే చెప్పండి, నేనొచ్చి కలుపుతా!"

"నీ పని చూసుకో."

"నా పనే అది బ్రదర్! ఏమంటావు మరదలా?"

నిచ్చెన పళ్ళు కనపడేలా నవ్వింది. ఎవర్ని చూసి నవ్విందో అతను చూడలేదు. తర్వాతి దుప్పటి దులపడంలో అతని చేతిలోంచి మూల జారిపోయింది.

మధ్యాహ్నం మడతలన్నీ సామాను గదిలో పై అరల్లోకి ఎక్కించాలి. ఆ గదికి కిటికీ లేదు, ఒకటే బల్బు. తలుపు వేసుకుంటే మిషన్ల చప్పుడు గోడవతలే ఆగిపోతుంది. నిచ్చెన మునివేళ్ళమీద లేచి పై అరలోకి దుప్పట్ల దొంతర తోస్తోంది. రెండు చేతులూ పైనే. చెమటకి రవిక వీపుకి అంటుకుపోయింది. అతను వెనక నిలబడి ఇంకో దొంతర అందించాలి. అందించలేదు. దొంతర బల్లమీద పెట్టేశాడు. ఖాళీ చెయ్యి లేచింది. నడుం దగ్గరికి, జానెడు దూరంలోకి వెళ్ళింది. తన చెయ్యి అలా గాల్లో ఉండటాన్ని అతను వేరేవాడి చెయ్యిని చూసినట్టు చూశాడు.

"ప్రభువా" అన్నాడు. మనసులో అనబోతే పైకే వచ్చేసింది.

"ఏంటి బ్రదర్?" ఆమె తిరక్కుండానే అడిగింది.

"ఏంలేదు. కాలు బెణికింది."

కాలు బెణికినవాడు అంత వేగంగా గదిలోంచి బయటపడటం ఎక్కడా ఉండదు. ఆమెకి అనుమానం వచ్చే ఉంటుందనుకున్నాడు. వస్తే రానీ అనుకున్నాడు. కాసేపటికి, ఆమె కావాలనే ఇదంతా చేస్తోందేమో అని కూడా అనుకున్నాడు.

*

"ఏమయ్యా, ఎవరైనా ఇస్త్రీ చొక్కా వేసుకుని లాండ్రీకి పోతారా?"

మర్నాడు పొద్దున భార్య ఉల్లిపాయలు తరుగుతూ అంది. చూపు కత్తిమీదే ఉంది.

"ఉతికింది అదొక్కటే ఉంది."

"అవునులే. ఉతికేవాడింట్లో బట్టలకి కరువు."

అతను మంచం పక్కన మోకాళ్ళూనాడు. కళ్ళు మూసుకుంటే చాలు, సామాను గది, ఆ బల్బు, జానెడు దూరం. దాన్ని పక్కకి నెట్టడానికి పెదాలు గట్టిగా కదిపాడు. తీసెయ్యి ప్రభువా, ఇది నా నుంచి తీసెయ్యి. తీసెయ్యమనే నోటితోనే ఇంకోసారి చూసుకుంటున్నాడు. ఎంతసేపైందో తెలీదు, లేచేసరికి కూర అయిపోయి పొయ్యి ఆర్పేసి ఉంది.

"ఈమధ్య ప్రార్థన ఎక్కువైంది నీకు" అంది భార్య, డబ్బా మూత బిగిస్తూ.

"అదీ తప్పేనా?"

"తప్పని ఎవరన్నారు? ఇంతకుముందు కూర మాడేలోపు లేచేవాడివి. ఏం చేసొచ్చావో అనుకుంటారు చూసినవాళ్ళు."

"చూసేవాళ్ళెవరున్నారు ఇక్కడ, నువ్వు తప్ప?"

"అదే అంటున్నా."

డబ్బా అతని చేతిలో పెట్టింది. మామూలుగా పెట్టిందా, విసురుగా పెట్టిందా అని వీధి చివరిదాకా ఆలోచించుకుంటూ పోయాడు.

*

పాస్టరు ఇల్లు ప్రార్థన మందిరం వెనకే. ముందుగది గచ్చుమీద కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి నిలబెట్టి ఉన్నాయి. అయ్యగారు బనీనుతో, మందిరం పాత ఫ్యాను విప్పి నూనె వేస్తున్నాడు.

"శోధనగా ఉందయ్యగారూ, మనసు చెడ్డదారికి లాగుతోంది" అన్నాడు అతను. అంతకంటే వివరం చెప్పడానికి నోరు రాలేదు. వచ్చినంతవరకే చెప్పాడు. జత గురించి, గది గురించి.

అయ్యగారు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ముట్టుకున్నావా?"

"లేదు."

"ఆవిడేమన్నా అందా?"

"లేదు. కానీ..." రెండు లాగుళ్ళ సంగతి చెప్పబోయి ఆగాడు. పైకి చెప్తే అది మరీ చిన్నదిగా ఉంటుందని భయమేసింది.

"ఇలాంటిదానితో కుస్తీ పట్టకూడదు బ్రదర్. పారిపోవాలి. పారిపోతే పిరికితనం కాదు, అదే గెలుపు. నువ్వు ఆ చోటు మారు. మేస్త్రీ మన సంఘ పెద్దే కదా, అడుగు." ఫ్యాను రెక్క పక్కకి జరిపి మళ్ళీ అన్నాడు. "నువ్వు మారు. అర్థమైందా?"

అర్థమైందన్నాడు. అయ్యగారు అతని తలమీద చెయ్యివేసి ప్రార్థన చేశాడు. చేతికి ఫ్యాను నూనె వాసన. అతనికి ఒంట్లోంచి జ్వరం దిగినట్టయింది. వీధిలోకి వచ్చాక మాత్రం, ఈ మాట అయ్యగారి భార్య గుమ్మం వెనకనుంచి వినే ఉంటుందని గట్టిగా అనిపించింది.

*

మేస్త్రీ గది అద్దాల గది. లోపల్నించి లాండ్రీ అంతా కనపడుతుంది. బయటున్నవాళ్ళకి మేస్త్రీ పెదాలు కదలడమే కనపడుతుంది. అందుకని అతను అద్దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"జత మార్చండి మేస్త్రీగారూ. నన్ను ఇంకెక్కడైనా వెయ్యండి."

"నిన్నా? మడత బల్లకి నువ్వే ప్రాణం. నిన్ను తీసి ఎవర్ని పెట్టను?" మేస్త్రీ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎందుకు? ఏమైంది?"

"శోధనగా ఉంది."

మేస్త్రీ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అద్దంలోంచి మడత బల్ల వైపు చూశాడు. అక్కడ నిచ్చెన ఒక్కతే దిండు గలీబులు మడుస్తోంది.

"ఆ మనిషేనా? ఏమన్నా వేషాలు వేస్తోందా?"

అతను తల దించుకున్నాడు. తల దించుకోవడాన్ని మేస్త్రీ ఔనని చదువుకున్నాడు. కాదండీ అనడానికి అతనికి బోలెడంత టైముంది. మేస్త్రీ గొంతు సవరించుకునేంత, కళ్ళజోడు తీసి తుడుచుకునేంత, "నాకు మొదటే అనుమానం, వచ్చీరాగానే నీవైపే వేలు చూపించింది" అనేంత టైము. అంతసేపూ అతను తన చెప్పుల్ని చూసుకున్నాడు.

"నువ్వు నిలబడ్డావు, అది చాలు. సాతాను ఎక్కణ్ణించైనా వస్తాడు" అన్నాడు మేస్త్రీ. "ఆదివారం మందిరంలో అందరిముందూ సాక్ష్యం చెప్పాలి. శోధన జయించానని. కుర్రాళ్ళకి బలం వస్తుంది. పేరు చెప్పక్కర్లేదులే."

ఆ మధ్యాహ్నమే నిచ్చెనను మురికి గదికి పంపేశారు.

మురికి గది అంటే వార్డుల నుంచి వచ్చిన మూటలు విప్పే చోటు. రక్తం వేరు, మలం వేరు, మందు మరకలు వేరు చేసి కుప్పలు పెట్టాలి. దుప్పట్లలో దూది, పట్టీలు, పగిలిన సీసా ముక్కలు, నర్సులు మరిచిపోయిన సూదులు ఉంటాయి. ఎలాగూ మానిపించాలనుకున్నవాళ్ళని అక్కడ వేస్తారు. నెలాఖరుకి ఆమెను మానిపించమని మేస్త్రీ ఆఫీసులో చెప్పాడని కూడా అప్పుడే తెలిసింది. బావ చెప్పాడు, రోలర్ తుడుస్తూ, జోకు లేకుండా.

అతని ఎదుట ఇప్పుడొక బొద్దు మనిషి. చేతులు పైకెత్తినా దుప్పటి నేలకి రాసుకుంటోంది. అతనికి మాత్రం హాయిగానే ఉంది. ఆ రాత్రి ప్రార్థన చిన్నగా అయిపోయింది, కళ్ళుమూస్తే చీకటి తప్ప ఏం కనపడలేదు. గెలిచానన్నమాట అనుకున్నాడు.

గెలిచినవాడు తర్వాతి రోజు లాండ్రీలో అందరి మొహాల్లోనూ తన సంగతి వెతుక్కోవాల్సిన పనిలేదు. అతను వెతికాడు. గలీబులు మడిచే ఆడవాళ్ళు అతను దగ్గరికి రాగానే మాట ఆపేశారు. ఒకామె "జాగ్రత్తమ్మోయ్, చెయ్యి తగిలితే మురికి గదే" అంది, పక్కామె మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఎవరు చెప్పి ఉంటారు? బావే. అయ్యగారి భార్య అయినా అయ్యుండొచ్చు. మేస్త్రీ చెప్పాడేమో అన్న ఆలోచన ఆఖరున వచ్చింది. తను చెప్పాడన్న సంగతి అసలు రాలేదు.

*

మధ్యాహ్నం పెరట్లో కుళాయి దగ్గర నిచ్చెన కనపడింది. ధారకింద వేలు పెట్టి నొక్కుకుంటోంది. మోచేతులదాకా వేసుకునే రబ్బరు తొడుగు గట్టుమీద ఉంది, బొటనవేలి దగ్గర చిరిగి.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాడు. పారిపొమ్మన్నారు కదా. కానీ నీళ్ళలో ఎర్రటి తీగ ఒకటి సాగుతోంది.

"ఏమైంది?"

"సూది." ఆమె తలెత్తలేదు. "నర్సమ్మ రక్తం తీసుకుంది. పరీక్షకి. ఏమీ ఉండదులే అంది. ఇప్పుడోసారి, మళ్ళీ కొన్నాళ్ళకోసారి చూస్తారట."

అతని చూపు గట్టుమీది తొడుగు చిరుగుమీద ఆగింది.

"నేనేం చేశాను బ్రదర్?"

అడిగిన తీరులో కోపం లేదు. పనిలో తప్పెక్కడొచ్చిందో అడిగినట్టే ఉంది. "మేస్త్రీని అడిగితే నీకే తెలుసులే అంటాడు. నాకు తెలీదు. ఆడాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. మీరైనా చెప్పండి. మడత వంకర పోతోందా?"

"నువ్వు..." అన్నాడు. ఇన్నాళ్ళూ ఆమెను ఏమని పిలవలేదో అప్పుడు గుర్తొచ్చింది. లాండ్రీలో ముసలామెనీ పిల్లనీ అందర్నీ సిస్టర్ అనే నోరు, ఈమెను ఏమీ అనకుండా తప్పించుకుంటూ వచ్చింది. "నువ్వు దుప్పటి రెండుసార్లు లాగేదానివి కదా. ఎందుకు?"

ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. పిచ్చివాణ్ణి చూసినట్టు.

"లాగకపోతే మీకెలా తెలుస్తుంది, నేను పట్టుకున్నానని? ఇంతకుముందు చేసినచోట నా జత ముసలామెకి చెవులు వినపడవు. మూల నా చేతికి చిక్కాక రెండుసార్లు లాగితే వదిలేసేది. చెయ్యి అలవాటైపోయింది." కుళాయి కట్టేసింది. "అందుకా? దానికా నన్ను తీసేస్తున్నారు? ఒక్కమాట చెప్తే మానేద్దును కదా!"

అతనికి చెవుల్లో హోరు మొదలైంది. మిషన్లు లోపలున్నాయి, ఇక్కడ హోరు లేదు.

"మరి ఆరోజు నన్నెందుకు చూపించావు? బావ ఉన్నాడుగా."

"ఆయన అందర్నీ మరదలా మరదలా అంటున్నాడు. మీరు మూల నిలబడి ప్రార్థన చేసుకుంటున్నారు." తడి వేలిని గుడ్డముక్కతో చుట్టి పళ్ళతో ముడి బిగించింది. "దేవుడున్న మనిషి, చూపు నేలమీద ఉంటుందిలే అనుకున్నా."

చిరిగిన తొడుగే మళ్ళీ ఎక్కించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆదివారం మందిరం నిండింది. నూనె వేసిన ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. మేస్త్రీ తెల్ల చొక్కాలో మైకు పట్టుకుని, "ఈరోజు మన బ్రదర్ ఒక గొప్ప గెలుపు గురించి చెప్తాడు. పడిపోవాల్సిన చోట ప్రభువు ఎలా నిలబెట్టాడో" అన్నాడు. ముందు వరసలోంచి స్తోత్రం, స్తోత్రం అని వినపడింది.

అతను మైకు తీసుకున్నాడు. ఆడవాళ్ళ వైపు రెండో వరసలో భార్య ఉంది. చూపు అతనిమీదే ఉంది.

"అందరికీ వందనాలు. గెలుపు అన్నారు మేస్త్రీగారు. నేనేం గెలవలేదు." మైకు కీచుమంది. కాస్త దూరం పెట్టుకున్నాడు. "నాతో పనిచేసే సిస్టర్ ఒకామె ఉంది. ఆమె మీద నాకు చెడ్డ ఆశ పుట్టింది. ఆమెకి నామీద ఏం పుట్టలేదు. ఆమె దుప్పట్లు మడిచింది, అంతే. ఒకరోజు నా చెయ్యి ఆమె మీదకి పోయింది. ఇంత దూరంలో ఆగింది. ఆపింది ప్రభువే, అందులో అబద్ధం లేదు."

"స్తోత్రం" అన్నారెవరో అలవాటు కొద్దీ. పక్కవాళ్ళు చూడగానే ఊరుకున్నారు.

"చెయ్యి ఆగింది. నోరు కూడా ఆగింది. ఆ సిస్టర్ ఏమన్నా వేషాలు వేసిందా అని మేస్త్రీగారు నన్నడిగారు. లేదండీ అనాలి. అనలేదు. తల దించుకున్నాను. ఆమెను మురికి గదిలో పడేశారు. మానిపిస్తున్నారు కూడా. మోకాళ్ళమీద పడి ఇది నా దగ్గర్నించి తీసెయ్యి అని అడిగాను. నా దగ్గర్నించి తీసి ఆమె నెత్తిన పెట్టింది నేనే. సూది ఆమెకి గుచ్చుకుంది. ఆమెను ఆ గదికి పంపిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను."  "అదీ నా సాక్ష్యం" అని మైకు కిందపెట్టేశాడు.

మేస్త్రీ గబగబా పాట ఎత్తుకున్నాడు. శ్రుతి ఎక్కువైపోయింది, ఎవరికీ అందలేదు. రెండో చరణానికి ఆయన ఒక్కడే మిగిలాడు. అయ్యగారు మాత్రం పాడలేదు. లేచివచ్చి అతని భుజంమీద చెయ్యివేసి పక్కనే నిలబడ్డాడు.

ఇంటికి వెళ్ళేదారిలో భార్య వీధికి అటుపక్క నడిచింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది, "ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పలేదు."

"నీకు చెప్పాలంటే భయమేసింది."

"వాళ్ళకి చెప్పడానికి వెయ్యలేదా?"

"వాళ్ళతో నేను కాపురం చెయ్యట్లేదు కదే."

నవ్వొచ్చే మాటే. ఆమె నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు ముందేసుకుని, కడిగినవే మళ్ళీ కడిగింది. చాలాసేపటికి లోపల్నించే అడిగింది.

"ఆ గదిలోకి ఇప్పుడెవరు పోతారు?"

"నేనే పోదామనుకుంటున్నా."

"అనుకోవడం ఎందుకు, పో" అంది.

*

సోమవారం మేస్త్రీ అతన్ని అద్దాల గదిలోకి కూడా పిలవలేదు. అందరిముందే కేకలేశాడు.

"సంఘం పరువు తీశావు! నా పేరు మైకులో ఎత్తుతావా? ఇప్పుడా మనిషిని తీస్తే నన్నే అంటారు, ఉంచితే నువ్వు చెప్పిందే నిజమంటారు!"

"నిజమే కదండీ" అన్నాడు అతను. "ఆమెను బల్ల దగ్గరికి పిలవండి. ఆ గదిలో నేను చేస్తాను."

"చెయ్యి! పోయి అందులోనే చావు. ఎవరు వద్దన్నారు?"

న్యాయం కోసమైతే మేస్త్రీ అంత తొందరగా ఒప్పుకునేవాడు కాదు. కోపంలో ఒప్పుకున్నాడు. ఎలాగైతేనేం, నిచ్చెనను బల్ల దగ్గరికి పిలిచారు. చేతికి కొత్త కట్టు ఉంది. ఎవరితో వేసుకుంటావని ఈసారి ఎవరూ అడగలేదు, తనే చెప్పింది.

"బావతో."

రోలర్ దగ్గర బావ నోరు తెరిచాడు. "నేనా? నా మీద నమ్మకమే?"

"నువ్వు నోటితో వాగేస్తావు. అక్కడితో అయిపోతుంది. రా, మూల పట్టుకో."

లాండ్రీ అంతా ఘొల్లుమంది. అతనికి చెవులదాకా వేడెక్కింది. ఆ మాటలో తనకి తగిలేది ఎంతుందో, తగలనిది ఎంతుందో తేల్చుకోవాలనిపించలేదు. మురికి గదిలోకి నడిచాడు.

లోపల ముక్కు మండే మందు వాసన. మూటలు గోడకి నడుమెత్తున పేర్చి ఉన్నాయి. మొదటి మూట ముడి విప్పి, దుప్పట్లోకి చేతులు పోనిచ్చాడు.

"అలా కాదు."

గుమ్మం అవతల నిచ్చెన నిలబడి ఉంది. లోపలికి అడుగుపెట్టలేదు. చేతిలో మందపాటి తొడుగుల జత ఒకటుంది. దాన్ని గడపమీద పెట్టింది.

"చేత్తో తడమకండి. రెండు మూలలూ పట్టుకుని, ఒంటికి దూరంగా బల్లమీద దులపండి. లోపల ఏముంటే అది రాలుతుంది. నాకెవరూ చెప్పలేదు."

"నీ రక్తం... పరీక్షలో ఏం చెప్పారు?"

"ఇంకా చెప్పలేదు."

అతని చేతులు ఇంకా దుప్పట్లోనే ఉన్నాయి. "తొడుక్కోండి ముందు" అంది ఆమె.

తొడుక్కున్నాడు. మూలలు పట్టుకుని దులిపాడు. ఎండిన దూది, పట్టీ ముక్క, ఆ తర్వాత సన్నగా టింగుమని ఒక చప్పుడు. ఏదో బల్లమీద పడి, దొర్లి, కిందకి జారింది.

ఆమె ఎటు వెళ్ళిపోయిందో అతను చూడలేదు. గచ్చుమీద మోకాళ్ళూని, సూది ఎటు పోయిందా అని వెతుకుతున్నాడు.